ప్రాలిన్ అడవిలో మా అమ్మ గుర్తుపట్టిన తాడిచెట్టు

సీషెల్స్ వెళ్తున్నామంటే అందరూ బీచ్‌ల గురించే చెప్పారు. నిజమే, ఆన్స్ లాజియోలో నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో ఫోటోలు చూసినా నమ్మలేదు, మోకాలి లోతులో నిలబడి నా కాలిగోళ్ళు నాకే కనబడుతుంటే అప్పుడు నమ్మాను. కానీ తిరిగొచ్చి ఇన్నాళ్ళయినా కళ్ళు మూస్తే కనిపిస్తున్నవి మాత్రం ఆ చెట్లే.

ఆగస్టులో వెళ్ళాం, నేను, మా ఆవిడ, అమ్మ. ఆ నెలల్లో అక్కడ ఆగ్నేయపు గాలులు గట్టిగా వీస్తాయి, సముద్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. మాహే దీవి నుంచి ప్రాలిన్‌కి ఫెర్రీలో గంట ప్రయాణం, ఆ గంటసేపూ అమ్మ నా చెయ్యి వదల్లేదు. మర్నాడు పొద్దున్నే వల్లే ద మే అనే లోయకి బయల్దేరాం. సుమారు 20 హెక్టార్ల చిన్న అడవి, 1983లోనే యునెస్కో జాబితాలో చేరింది. నేను చెప్పే చెట్లు అక్కడివే, కోకో ద మేర్, అంటే సముద్రపు కొబ్బరి. ఇవి ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది ప్రాలిన్‌లోనూ పక్కనున్న క్యూరియూజ్ దీవిలోనూ మాత్రమే.

లోపలికి నాలుగడుగులు వేయగానే వెలుగు తగ్గిపోయింది. తల మీద ఒకదాని మీద ఒకటి పరిచిన విసనకర్రల్లా ఆకులు, పచ్చవి, పండినవి, ఎండి వేలాడుతున్నవి. కాడతో కలిపి ఒక్కో ఆకు పది మీటర్ల దాకా పెరుగుతుందట. అంతలో పైన గాలి తగిలింది. ఆ చప్పుడు ఎలా చెప్పను, పెద్ద పెద్ద తలుపులు ఒకదానికొకటి కొట్టుకున్నట్టు టపటపా, గరగరా, అడవి అడవంతా ఒక్కసారిగా. మా ఆవిడ బెదిరిపోయి వెనక్కి తిరిగింది. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవని మనం అంటాం గానీ, ఈ తాటాకులకైతే ఏనుగైనా ఆగి చూస్తుంది.

అమ్మ మాత్రం తల పైకెత్తి చాలాసేపు చూసి, "ఒరేయ్, ఇది మన తాడిచెట్టేరా" అంది.

"కాదమ్మా, ఇది వేరే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు" అన్నాను. నాదే తప్పు. గైడ్‌ని అడిగితే, తాడి దీనికి దగ్గరి చుట్టమేనన్నాడు, రెండూ ఒకే వంశం. ఇక అక్కణ్ణించి అమ్మే మాకు గైడ్ అయిపోయింది. తాడిలో ఉన్నట్టే ఇందులోనూ ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టుకి చెయ్యంత పొడుగు గెల వేలాడుతుంది, దాని మీద చిన్న చిన్న పసుపు పూలు, ఆ పూల మీద ఆకుపచ్చ బల్లి ఒకటి పాకుతోంది. "పోతుతాడికీ ఇంతే కదరా" అంది అమ్మ. తుఫాను రాత్రుళ్ళు మగచెట్లు నడిచి ఆడచెట్ల దగ్గరికి వెళ్తాయని, అది చూసినవాళ్ళు బతకరని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ.

కాయ ముదరడానికి ఆరేడేళ్ళు పడుతుంది. లోపలి గింజ రెండు కొబ్బరికాయలు అంటుకున్నట్టుంటుంది, సృష్టిలో ఇంతకన్నా బరువైన విత్తనం లేదు, 25 కిలోల దాకా తూగుతుంది, అంటే మనం నెలకి తెచ్చుకునే బియ్యం బస్తా అంత. చూడ్డానికి పెట్టిన గింజ ఒకదాన్ని ఎత్తబోయి రెండు చేతులూ సరిపోక తొడ మీద ఆనించుకున్నాను. నల్లగా, నున్నగా, చల్లగా ఉంది. పూర్వం లోపల కుళ్ళి డొల్లయిన పెంకులే సముద్రంలో తేలుతూ మాల్దీవులకీ మన దేశపు ఒడ్డుకీ కొట్టుకొచ్చేవి. చెట్టెక్కడుందో ఎవరికీ తెలియక సముద్రం అడుగునే పెరుగుతుందనుకున్నారు. 1768లో గానీ అసలు చోటు తేలలేదు. ఫకీర్ల చేతిలో నల్లటి భిక్షాపాత్ర చూసుంటారే, సగానికి కోసిన ఈ పెంకుతోనే చేసేవారు.

దారి పక్కన మొలకెత్తిన గింజ దగ్గర అమ్మ కూర్చుండిపోయింది. గింజలోంచి చేతికర్ర లావున ఒక కాడ బయటికొచ్చి మట్టిలోకి దిగింది. ఆ కాడ కొన్ని మీటర్ల దూరం పోయి, అక్కడ మొక్కని లేపుతుంది. "తేగ!" అంది అమ్మ, చిన్నపిల్లలా. అచ్చం తేగే. మనం డిసెంబరులో పాతర తవ్వి, తేగలు కాల్చుకుని, బుర్ర పగలగొట్టి బుర్రగుంజు తింటామే, ఆ పద్ధతే, కాకపోతే పదింతలు పెద్దది. లేతకాయలో జెల్లీని అక్కడివాళ్ళు ఒకప్పుడు తినేవారని గైడ్ చెబితే, "ముంజెలే కదా మరి" అని నా వైపు చూసింది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆకుల పని. ఆ నేలలో సారం చాలా తక్కువట. అందుకని వాన పడితే మడతలు పడ్డ ఆకు మీది నీరు, దానితోపాటు రాలిన పుప్పొడి, చెత్త, రెట్టలు అన్నీ కాలవలో పారినట్టు జారి చెట్టు మొదట్లోకే చేరతాయి. తన ఎరువు తనే తెచ్చుకునే చెట్టు. మేమున్నప్పుడే చిన్న జల్లు పడింది, ఆకు గాడిలోంచి కాండం వెంట సన్నగా నీళ్ళు దిగడం కళ్ళారా చూశాను.

నంబరు వేసి, పర్మిట్‌తో గింజలు అమ్ముతారు గానీ ధర వందల డాలర్లు. కొనలేదు.

మేం ఊరొచ్చేసరికి తాటిపండ్లు రాలుతున్నాయి. కాలవగట్టు మీద నా చిన్నప్పుడు వరసగా ఉండే తాళ్ళలో ఇప్పుడు మిగిలినవి ఏడు. అమ్మ టెంకలు ఏరుకొచ్చి ఎప్పటిలాగే పెరట్లో తేగల కోసం పాతర వేసింది. పన్నెండు టెంకలు మాత్రం పక్కన పెట్టి, సాయంత్రం నన్ను గునపం తెమ్మని గట్టు మీదికి తీసుకెళ్ళింది. "వీటిని ఎవరూ తవ్వకూడదు" అని, గుంటకీ గుంటకీ మధ్య పది అడుగులు తనే కొలిచింది.