కుక్కర్ అనుకున్నాను

హైదరాబాద్ శివార్లలోని తుర్కయంజాల్‌లో మా ఇల్లు. పక్కన రెండు ఖాళీ ప్లాట్లు, వాటి నిండా వయ్యారిభామ మొక్కలు, రాళ్లు. ఇంటి వెనక చిన్న పెరడు. జామ, నిమ్మ, కరివేపాకు, ఒక మడిలో గోంగూర. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు గోడవారగా పేర్చి ఉండేవి. ఎప్పటికైనా పనికొస్తాయని మా ఆయన వాటిని కదలనివ్వలేదు.

జూలైలో ఒకరోజు రాత్రి ఏడు దాటాక పప్పు కుక్కర్‌లో పెట్టి, పోపులోకి కరివేపాకు తెద్దామని వెళ్లాను. పెరట్లో లైటు వేయలేదు. బుస్సుమని గట్టిగా చప్పుడు వినిపించింది. కుక్కర్ విజిల్ వచ్చేలా ఉంది, తొందరగా వెళ్లాలి అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. వెనక్కి తిరిగేలోపే ఎడమ పాదంలో మేకు దిగినట్టయింది.

మా ఆయన టార్చ్ తెచ్చి చూస్తే ఇటుకల పక్కన లావుగా, గోధుమరంగులో, వీపు మీద గొలుసులాగా మచ్చలతో పాము ఉంది. "కొండచిలువ పిల్లలా ఉంది, దీనికి విషం ఉండదులే" అన్నాడు. ఐదు నిమిషాల్లో పాదం పొంగడం మొదలయ్యాక ఆ ధైర్యం పోయింది. తువ్వాలుతో కాలికి గట్టిగా కట్టబోతుంటే మా అబ్బాయి ఫోన్లో అరిచాడు, కట్టొద్దు, కోయొద్దు, అమ్మని నడిపించొద్దు అని. అత్తమ్మ మాత్రం "ఊళ్లె మంత్రమేసేటాయన ఉన్నడు, ఆడికి తీస్కపో బిడ్డా" అంటూనే ఉంది. మెట్టెలు తీద్దామంటే అసలు ఒప్పుకోలేదు. మొగుడు ఎదురుగా ఉండగా మెట్టెలు తీయడమేమిటని ఆమె బాధ. చివరికి ఆయనే సబ్బు రాసి లాగేశాడు. ఇంకాస్త ఆగితే కత్తిరించాల్సి వచ్చేది.

దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో విరుగుడు మందు లేదన్నారు. ముందే ఫోన్ చేసి అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి వెళ్లేసరికి చిగుళ్లలోంచి రక్తం కారుతోంది.

అక్కడ డాక్టరమ్మ కొంచెం రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా పక్కన పెట్టింది. ఇరవై నిమిషాలు. నొప్పితో మెలికలు తిరుగుతూనే ఆ గొట్టాన్ని చూస్తూ పడుకున్నాను. టైమ్ అయ్యాక వంచి చూస్తే నీళ్లలా జారింది. గడ్డ కట్టలేదు. నన్ను కరిచింది రక్తపింజర, దాని విషం రక్తం గడ్డకట్టే గుణాన్నే తినేస్తుందట. మా ఆయన పాము ఫోటో చూపించబోతే, "అవసరం లేదండీ, నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, ఈ నాలుగింటికీ ఇదే మందు" అంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలోంచి తయారుచేస్తారట. పామును చంపి ఆసుపత్రికి మోసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

సెలైన్‌లో కలిపి పది వయల్స్, అంటే పది చిన్న సీసాల మందు ఎక్కించారు. మధ్యలో ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. మందు ఆపి, ఇంజెక్షన్ చేసి, మళ్లీ మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత పరీక్ష చేస్తే మళ్లీ నీళ్లే. ఇంకో పది. తెల్లారాక గొట్టం వంచితే రక్తం కదల్లేదు. నర్సు నవ్వింది. నేను ఏడ్చాను.

తర్వాత కిడ్నీల టెన్షన్. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 2.6 దాకా వెళ్లింది. రోజూ ఎంత మూత్రం వచ్చిందో కొలిచి రాసేవారు. పరీక్షలో మార్కుల్లాగా మా ఆయన అది చూసి ఇంట్లో అందరికీ ఫోన్ చేసేవాడు. డయాలసిస్ దాకా పోలేదు. ఏడో రోజు ఇంటికి పంపారు.

అయిపోయింది అనుకున్నా. ఇంటికొచ్చిన మూడో రోజు జ్వరం, కీళ్లన్నీ పట్టేశాయి. విషం మళ్లీ ఎక్కిందని అత్తమ్మ గొల్లుమంది. అది విషం కాదు, గుర్రం సీరం ఒంటికి పడక అలా వస్తుందని చెప్పి వారం రోజులకు మాత్రలిచ్చారు. ఇలా జరగొచ్చని డిశ్చార్జ్ రోజే ఒక మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాళ్లం.

నేను ఆసుపత్రిలో ఉండగానే పాములు పట్టే కుర్రాడు వచ్చి ఇటుకల కిందనుంచి దాన్ని తీసుకెళ్లాడు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, వాటికీ విషం ఉంటుంది, వానాకాలం జాగ్రత్త అని చెప్పాడట. ఇటుకల వెనక ఎలుక బొరియలు కూడా చూపించాడు. మేం పడేసిన కూరగాయల తొక్కల కోసం ఎలుకలు, ఎలుకల కోసం అది. మిగిలిన ఇటుకలు మర్నాడే వెళ్లిపోయాయి. ఈసారి మా ఆయన ఏమీ అనలేదు.

కరివేపాకుకి ఇప్పుడు పగలే వెళ్తున్నా, గమ్‌బూట్లు వేసుకుని. పక్కింటి వదిన మొదట నవ్వింది. తర్వాత ఎక్కడ కొన్నానని అడిగింది. క్రియాటినిన్ మామూలైంది కానీ సాయంత్రానికి పాదం కొంచెం వాస్తుంది. ఎడమకాలి మెట్టె ఇంకా పసుపు డబ్బాలోనే ఉంది. ప్రతి శుక్రవారం అత్తమ్మ దాన్ని తెచ్చి, "ఇయ్యాలన్న పడ్తదేమో సూడు" అంటుంది.