నీటి నడుమ కొండ మీద ఒక వాదం

నాగార్జునకొండకు చాలామంది శిల్పాల కోసమో, లాంచీ ప్రయాణం కోసమో వెళతారు. మేమిద్దరం మాత్రం ఒక వాదం ఎంతకీ తెగకపోవడంతో వెళ్ళాం. తత్వశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నా మిత్రుడికి ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ అంటే వల్లమాలిన అభిమానం. బతుక్కి అర్థమేమిటని మనిషి అడుగుతూనే ఉంటాడనీ, ప్రపంచం మాత్రం నోరు విప్పదనీ, ఆ అడగడానికీ ఈ మౌనానికీ మధ్య పుట్టే పొంతనలేనితనాన్ని కళ్ళు మూసుకోకుండా భరించడమే మనిషి చేయగలిగిన పని అనీ ఆయన వాదిస్తారు. ఆ ప్రశ్న అడిగే తీరులోనే ఏదో తేడా ఉందని నా అనుమానం. దాని మీద పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే మన కృష్ణ ఒడ్డున జరిగిందని చెప్పే చర్చ ఒకటుందని నేను అంటే, "అయితే అక్కడికే పోదాం పదండి" అన్నారు మాస్టారు.

మాచర్లలో బస్సు దిగి విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కాం. జలాశయం నిండుగా ఉంది. ఆ నీటి అడుగున మూడు వైపులా కొండలూ ఒక వైపు కృష్ణా నదీ కాపుగా ఉన్న ఒక లోయ ఉంది. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసింది అక్కడే. 1926లో ఆ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. ఆ తరువాత ఆ శాఖ అధికారి లాంగ్‌హర్‌స్ట్ కొన్నేళ్ళు తవ్వించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే లోయ మునగడం ఖాయమైపోయింది కనుక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో మిగిలిన లోయనంతా తవ్వి, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాల ఆనవాళ్ళు బయటపెట్టి, ముఖ్యమైన వాటిని ఊడదీసి కొండ మీదికి చేర్చి మళ్ళీ పేర్చారు. మేము ఎక్కబోయే దీవి ఒకప్పటి ఆ కొండ నెత్తి.

మ్యూజియంలో మాస్టారిని ముందుగా నిలబెట్టినవి బుద్ధుడి విగ్రహాలు కావు, ఆయక స్తంభాలు. ఆంధ్రదేశపు స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికలు ఉంటాయి. ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు వరసగా నిలుపుతారు. పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, మొదటి ధర్మోపదేశం, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. ఎనభై ఏళ్ళ జీవితంలో లెక్కకు వచ్చినవి అయిదే. పెళ్ళి లేదు, కొడుకు పుట్టడం లేదు, రాజులు వచ్చి మొక్కడమూ లేదు. మన ఇళ్ళలో ఫోటో ఆల్బమ్‌కి ఎక్కేవన్నీ ఈ లెక్కలోంచి జారిపోయాయి కదా అని నేను అంటే, "ఎక్కించకపోవడం కూడా ఒక నిర్ణయమే. మనిషి జీవితానికి అర్థం మనిషే ఇచ్చుకుంటాడని నేను చెప్పేది ఇదే" అని మాస్టారు తన వాదంలోకి లాక్కున్నారు.

ఆ లోయలో వాళ్ళు ఇచ్చుకున్న అర్థం ఒక్కటే కాదు, ఒక్క ఇంట్లోనే రెండు ఉన్నాయి. ఇక్ష్వాకు రాజ్యాన్ని నిలబెట్టిన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం, అగ్నిష్టోమం చేసిన వైదికుడు. ఆయన తోడబుట్టిన చాంతిసిరి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, కట్టించిన ఉపాసిక, సంసారంలో ఉంటూనే బౌద్ధాన్ని నమ్మిన స్త్రీ. సోదరుడు యజ్ఞగుండం ముందు కూర్చుంటే సోదరి స్తూపానికి స్తంభాలు ఎత్తించింది. ఇద్దరికీ తగువులు వచ్చాయో లేదో శాసనాలు చెప్పవు. తన దానఫలం పుట్టినింటికీ మెట్టినింటికీ ఇహపరాల్లో మేలు చేయాలనీ, తనకు నిర్వాణం దక్కాలనీ మాత్రం ఆమె చెక్కించింది.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది మాత్రం రాజకుటుంబానికి చెందని బోధిసిరి శాసనం. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చుళధమ్మగిరి అనే గుట్ట మీద ఆమె చైత్యగృహం, అంటే బౌద్ధుల పూజామందిరం, కట్టించింది. ఆ భిక్షువులు ధర్మం చేర్చిన కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, తమిళ దేశం అన్నీ పేరుపేరునా అందులో ఉన్నాయి. పుబ్బశైలం దగ్గర చెరువు, కంటకశోలలో, అంటే నేటి ఘంటసాలలో, రాతి మండపం అంటూ ఆమె చేసిన తక్కిన పనుల చిట్టా కూడా ఉంది. ఆ పుణ్యంలో వాటా ఎవరెవరికో చెప్పడానికి చుట్టాల పేర్ల వరస అంతకంటే పొడుగ్గా సాగుతుంది. పెళ్ళి శుభలేఖలో బంధువులెవరి పేరూ వదిలిపోకూడదని పడే తాపత్రయమే అది. ఆమెకు తన జీవితం ఆ పేర్లన్నిటితో కలిపి ఒకటి. అందులోంచి తనను విడదీసి, "నా బతుక్కి అర్థం ఏమిటి" అని అడగడం ఆమెకు తోచి ఉండదని నేను అనుకుంటున్నాను.

పక్కనే ఛాయాస్తంభాలు ఉన్నాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాళ్ళవి. చాంతమూలుడికి ఆయన కొడుకు పాలనలో రాణులూ బంధుస్త్రీలూ నిలిపినది ఉంది, యుద్ధంలో పడిపోయిన వీరులకు నిలిపినవి ఉన్నాయి, ఒక శిల్పాచార్యుడికి కూడా ఉంది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి మీద ఒక వీరుడి బొమ్మ ముఖం అరిగి నున్నబడింది కానీ, నడుముకు బిగించిన వస్త్రపు మడతలు మాత్రం వేలికి తగిలేంత లోతుగా ఉన్నాయి.

బయట చెట్టు నీడన కూర్చున్నాక అసలు వాదం మొదలైంది. ఈ కొండకు పేరైన బౌద్ధ తాత్త్వికుడు ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడని నిర్ధారించే శాసనం లేదు. ఈ చోటుకున్న శ్రీపర్వతం అనే పాత పేరూ, టిబెట్ సంప్రదాయంలో నిలిచిన కథలే ఆధారం. ఆ మాట పక్కన పెడితే, ఆయన గ్రంథం మూలమధ్యమకకారిక ఇరవై నాలుగో ప్రకరణంలో ఆయన ఎదుర్కొన్న ఆక్షేపణ మాస్టారి ఆక్షేపణకు దగ్గరిది. అంతా శూన్యమైతే పుట్టుక లేదు, దుఃఖం తొలగడం లేదు, మంచి పనికి ఫలం లేదు, ఇక దేనికి అర్థం ఉంటుందని ప్రతివాది నిలదీస్తాడు. నాగార్జునుడు ఆ ఆక్షేపణను ప్రతివాది వైపుకే తిప్పి కొడతాడు. వస్తువులకు మార్పులేని స్వభావం ఉంటేనే ఏదీ జరగదు, దుఃఖం శాశ్వతమవుతుంది, సాధన వృథా అవుతుంది. ప్రతిదీ తక్కినవాటి మీద ఆధారపడి పుడుతోంది కనుకనే మనిషి చేసిన పని ఫలిస్తుంది. ఆ ఆధారపడి పుట్టడాన్నే శూన్యత అంటున్నానని ఆయన తేల్చి చెబుతాడు.

"అంటే అర్థం లేదన్నట్టేగా?" అన్నారు మాస్టారు.

"విడిగా, ఒంటరిగా ఎక్కడా లేదు మాస్టారూ. మీ కామూ మనిషిని ఒక పక్కా ప్రపంచాన్ని ఒక పక్కా నిలబెట్టి, మధ్యలో మౌనం పెట్టాడు. అలా రెండుగా నిలబెట్టడానికే నాగార్జునుడు ఒప్పుకోడు" అన్నాను. ఆయన తల ఊపారు కానీ అది ఒప్పుకోలు కాదు.

తిరుగు లాంచీలో మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నీళ్ళలోకి వేలు చూపించి, "మా నాయన పొలం ఇక్కడే ఎక్కడో ఉండాలి బాబూ" అన్నారు. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆయన చిన్నపిల్లాడట. చాలా ఏళ్ళు వాళ్ళమ్మ ఈ నీళ్ళ వంక చూడటానికి ఇష్టపడలేదట. "ఇప్పుడు మా అల్లుడు కుడి కాలవ కింద వరి వేస్తన్నాడు. ఏ నోటితో తిట్టమంటావు?" అని నవ్వారు. సానుభూతి చూపించడమా, అభినందించడమా అన్నది మాకు తోచలేదు. ఆయనకు ఆ రెండూ అక్కరలేనట్టే ఉంది, అల్లుడి పొలంలో తెగులు గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఒడ్డుకు చేరాక అనుపు వెళ్ళాం. లోయలోంచి తెచ్చి పేర్చిన రంగస్థలం అక్కడ ఉంది. నాలుగు వైపులా రాతి మెట్లు, నడుమ చదునైన ఆవరణ. మాస్టారు నడుమన నిలబడి మామూలు గొంతుతో, పై మెట్టు మీద ఉన్న నాకు స్పష్టంగా వినబడేలా తన చివరి ఆక్షేపణ వేశారు: "ఎవరూ లేకుండా, ఏ ఛాయాస్తంభమూ లేకుండా పోయే మనిషి సంగతేమిటి? అతనికి మీ ఆచార్యుడు ఏం చెబుతాడు?"

ఇది గట్టి ఆక్షేపణ. బోధిసిరికి పేర్ల వరస ఉంది, ఆ పెద్దాయనకు అల్లుడు ఉన్నాడు, వీరుడికి రాయి నిలిపినవాళ్ళు ఉన్నారు. ఎవరూ లేనివాడికి కూడా తిన్న అన్నం పండించినవాళ్ళూ, నేర్చిన మాట నేర్పినవాళ్ళూ ఉంటారని నేను మెట్టు మీద నుంచే జవాబు చెప్పాను. అది తర్కానికి సరిపోతుంది గానీ ఆ మనిషికి ఊరటనిస్తుందా అని ఆయన మళ్ళీ అడిగారు. ఊరట, అర్థం ఒకటి కావని నా అభిప్రాయం. ఒకటి కాకపోతే అర్థంతో పనేమిటని ఆయన అభిప్రాయం. మాచర్ల బస్సు వచ్చేదాకా దాని మీదే ఉన్నాం, వచ్చాక కూడా.