కేస్ షీట్‌లో లేని ఆ రాత్రి

2024 మార్చిలో మా అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషన్ చేయించాం. దానికి నాలుగు రోజుల ముందు పీఏసీ కోసం, అంటే మత్తిచ్చేముందు చేసే పరీక్ష కోసం, మత్తు డాక్టరు గారి దగ్గరికి పంపారు. బీపీ మాత్రలు, షుగరు, ఊగే పళ్ళు, మెట్లెక్కితే ఆయాసం, అన్నీ వరసగా అడిగి రాసుకున్నారావిడ. చివర్లో కొంచెం మొహమాటపడుతూ, "మీరు వైశ్యులా అమ్మా?" అన్నారు.

అమ్మకి చివుక్కుమంది. "ఆపరేషన్‌కి కులమెందుకమ్మా?"

ఆవిడ పెన్ను పక్కన పెట్టి చెప్పారు. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులవడానికి స్కోలిన్ అనే ఇంజెక్షన్ వాడతారు. మామూలుగా ఐదు పది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించినవాళ్ళు గంటల తరబడి కదల్లేరు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువ కనిపిస్తుంది. "ఇంతకుముందు మత్తిచ్చినప్పుడు తెలివి రావడం ఆలస్యమైందా?"

నేను ఫైలు తీశాను. 2009లో అర్ధరాత్రి అమ్మకు అపెండిక్స్ తీసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ అందులో ఉంది. పూర్తి మత్తులో ఆపరేషన్ చేశామని, తర్వాత ఏ ఇబ్బందీ లేదని రెండే వాక్యాలు. అది చూపించి "ఏమీ లేదు మేడమ్" అనేశాను.

"ఎందుకు లేదురా?" అంది అమ్మ. "నాకు మాటలు వినపడుతూనే ఉన్నాయమ్మా. కన్ను తెరుద్దామంటే రెప్ప లేవలేదు. వేలు కదల్లేదు. చచ్చిపోయాననే అనుకున్నా."

పదిహేనేళ్ళుగా ఈ మాట మాతో చెబుతూనే ఉంది. మత్తులో వచ్చిన కల అని మేమే కొట్టిపారేశాం. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ రాత్రి ఆస్పత్రిలో ఉన్నది మా పిన్ని. డాక్టరు గారి గదిలోంచే నేను ఆవిడకి ఫోన్ చేస్తే, "తెల్లారేదాకా మెషీన్ మీదే ఉంచారు, మత్తు ఎక్కువ పట్టిందిలే అన్నారు" అంది.

పాత ఆస్పత్రికి వెళ్ళి కేస్ షీట్ అడిగాను. లేదన్నారు. లోపల చేరినవాళ్ళ రికార్డులు మూడేళ్ళు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు. ఆ లెక్కన గడువు ఎప్పుడో దాటింది, వాళ్ళని తప్పు పట్టలేను. కానీ ఆ రోజు మా చేతిలో పెట్టిన కాగితంలో, ఫలానా మందు పడలేదు, రాత్రంతా వెంటిలేటర్ మీద ఉంచాం అని ఒక్క ముక్క రాయకపోవడం మాత్రం తప్పే. ఈసారి కూడా ఏ అర్ధరాత్రో హడావుడిగా ఆపరేషన్ చేయాల్సివస్తే, ఈ ప్రశ్న అడిగే తీరిక ఎవరికుంటుంది?

రక్తపరీక్ష చేయించారు. స్కోలిన్‌ని విరగ్గొట్టే ఆ ఎంజైమ్, సూడోకోలినెస్టరేజ్, బాగా తక్కువని వచ్చింది. ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది. స్కోలిన్ బదులు అట్రాక్యూరియం వాడారు, అది శరీరంలో విరగడానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. అమ్మ టేబుల్ మీదే కళ్ళు తెరిచింది.

ఇంటికి పంపేరోజు వచ్చిన సమ్మరీలో మళ్ళీ ఆ సంగతి లేదు! కౌంటర్ దగ్గర గంటన్నర నిలబడి మత్తు డాక్టరు గారితో పైన రాయించుకున్నాను: స్కోలిన్ ఇవ్వకూడదు, ఎంజైమ్ విలువ ఇంత, పరీక్ష చేసిన తేదీ ఇది. అనస్తీషియా చార్టు కాపీ కూడా తీసుకున్నాను. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు ఇచ్చారన్నది ఉండేది అందులోనే. అడిగితే తప్ప చేతికివ్వరు.

ఇది వంశంలో వచ్చేది కాబట్టి పిన్ని, మామయ్య, నేను కూడా పరీక్ష చేయించుకున్నాం. పిన్నిది మామూలుగానే ఉంది. నాది కొంచెం తగ్గింది. మామయ్యది అమ్మలాగే. ఆయనకి హెర్నియా ఆపరేషన్ ఉంది, రేపు పీఏసీకి నేనే తీసుకెళ్తున్నాను. రిపోర్టు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను.