స్కాట్లాండ్‌లో కొత్త ఇల్లు: మిస్సివ్స్ ముందు, తాళాలు వచ్చాక – నా అనుభవం

స్కాట్లాండ్‌లో ఇల్లు కొనేవాళ్ళు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది మిస్సివ్స్ సంగతి. మన సొలిసిటర్‌కూ (లాయరుకూ) బిల్డర్ సొలిసిటర్‌కూ మధ్య నడిచే ఒప్పంద లేఖలివి. ఆఖరి లేఖతో రెండు వైపులా అంగీకారం కుదిరిందంటే ఒప్పందం ఖాయమైనట్టే. ఆ తర్వాత వద్దనుకుంటే నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చెప్పే స్టాంప్ డ్యూటీ, లీజ్‌హోల్డ్, గ్రౌండ్ రెంట్ లెక్కలు ఇక్కడి ఇళ్ళకు వర్తించవు. అందుకే చూసుకోవాల్సిన ముఖ్యమైనవన్నీ మిస్సివ్స్ ముగిసేలోపే తేల్చుకునేట్టు మేం పని పెట్టుకున్నాం.

మాది వెస్ట్ లోథియన్‌లో బాత్‌గేట్ ఊరి అంచు. ఎడిన్‌బరోకూ గ్లాస్గోకూ రైలుంది. 2010 డిసెంబరులో ఎయిర్‌డ్రీ వైపు లైను మళ్ళీ తెరిచాక, భార్యాభర్తల ఉద్యోగాలు చెరో నగరంలో ఉన్న ఇళ్ళకు ఈ ఊరు బాగా కుదిరింది. అయితే ఈ ప్రాంతంలో నేల చరిత్ర తెలుసుకోకుండా ముందుకెళ్ళకూడదు. బొగ్గు గనులు, షేల్ (నూనె తీసే రాయి) గనులు, మూతపడ్డ కర్మాగారాలు అన్నీ ఇక్కడున్నాయి. బ్రిటిష్ లేలాండ్ ట్రక్కుల ఫ్యాక్టరీ 1986లో మూతపడింది కూడా ఇక్కడే. పాత గనులున్న చోట బిల్డర్లు బోరు వేసి, లోపలి ఖాళీల్లోకి గ్రౌట్ (సిమెంటు ద్రవం) ఎక్కించి, ఆ తర్వాతే పునాది వేస్తారు. ఆ పని పూర్తయిన కాగితాలు చూపించమని మీ సొలిసిటర్ చేత రాతపూర్వకంగా అడిగించండి. మైనింగ్ రిపోర్టు కూడా తెప్పించండి. బొగ్గు సంగతి ఒక్కటే చూసి ఊరుకోకుండా షేల్ గురించి విడిగా అడగమనండి.

కొత్త ఇళ్ళకు ధర స్థిరం. పాత ఇళ్ళలా హోమ్ రిపోర్టు (అమ్మేవాళ్ళు ఇచ్చే సర్వే నివేదిక) ఉండదు, వేలంపాట లాంటి ఆఫర్లూ ఉండవు. రిజర్వేషన్ ఫీజు కట్టగానే బిల్డర్ గడువు పెడతాడు. న్యూ హోమ్స్ క్వాలిటీ కోడ్ అని కొత్త ఇళ్ళ బిల్డర్ల నియమావళి ఒకటుంది, అందులో నమోదైన బిల్డరైతే రిజర్వేషన్ చేసిన 14 రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు. సేల్స్ ఆఫీసు సూచించిన సొలిసిటర్‌నే పెట్టుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. కొత్త ఇళ్ళ మిస్సివ్స్ చూసిన అనుభవం ఉన్న వాళ్ళను మనమే వెతుక్కోవడం మేలు.

ఇక పన్ను. మన తెలుగువాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇక్కడి పన్ను పేరు ల్యాండ్ అండ్ బిల్డింగ్స్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, అందరూ ఎల్‌బీటీటీ అంటారు. 1,45,000 పౌండ్ల దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 3,25,000 దాకా 5 శాతం, ఆ తర్వాత 7,50,000 దాకా 10 శాతం. ఉదాహరణకు 3,20,000 పౌండ్ల ఇంటికి 2,100, 3,500 కలిపి 5,600 పౌండ్లు అవుతుంది. జీవితంలో మొదటి ఇల్లయితే మరో 600 తగ్గుతుంది.

దీని మీద, ఇప్పటికే మరో ఇల్లున్నవాళ్ళు కట్టాల్సిన అడిషనల్ డ్వెల్లింగ్ సప్లిమెంట్ అనే అదనపు పన్ను ఒకటుంది. 2024 డిసెంబరు 5 నుంచి అది 8 శాతం, అదీ మొత్తం ధర మీద. 3,20,000కు 25,600 పౌండ్లు. ప్రపంచంలో ఎక్కడైనా సరే మీ పేరు మీద 40,000 పౌండ్లు, అంటే దాదాపు 45–50 లక్షల రూపాయలు, ఆపైన విలువ చేసే ఇల్లుంటే లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ ఫ్లాటు, విజయవాడలో నాన్నగారి నుంచి వచ్చిన ఇంటిలో వాటా, అన్నీ వస్తాయి. వాటా అయితే ఆ వాటా విలువ చూస్తారు. భార్య పేరు మీదున్నది భర్తకూ, భర్త పేరు మీదున్నది భార్యకూ లెక్కే, కాబట్టి ఒకరి నుంచి ఒకరికి రాయించుకుంటే ఒరిగేదేమీ లేదు. ఖాళీ ప్లాటు, పొలం మాత్రం ఇల్లు కిందకి రావు. తాళాలు తీసుకునే రోజు ముగిసేసరికి మీ చేతిలో ఎన్ని ఇళ్ళున్నాయన్నదే ప్రశ్న. అమ్మాలనుకుంటే ఆ తేదీకి ముందే రిజిస్ట్రేషన్ పూర్తికావాలి. తర్వాత అమ్మి వాపసు అడగడం సొంతంగా నివసించిన ఇంటిని మార్చుకున్నవాళ్ళకే కుదురుతుంది. అద్దెకిచ్చిన ఫ్లాటుకు ఆ దారి లేదు. ఈ డబ్బు మార్ట్‌గేజ్‌లో కలవదు, చేతి నుంచి కట్టాలి. మొదటి ఇంటి రాయితీ కూడా అంతే: ఇండియాలో ఎప్పుడో ఒక ఇల్లు మీ పేరున ఉండి అమ్మేసినా సరే, మీరు మొదటిసారి కొంటున్నవాళ్ళు కారు.

డిపాజిట్‌కు ఇండియా నుంచి డబ్బు తెప్పిస్తున్నారా? అయితే ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడే కాగితాలు కూడా మొదలుపెట్టాలి. అమ్మానాన్నలు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, వాళ్ళ ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా ఆ మేర నగదు అదనంగా ఉండాలి. మీ సొంత ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇండియా ఆదాయం దాచుకునేది) నుంచైతే సాధారణంగా 15సీఏ, 15సీబీ అని పిలిచే ఆదాయపన్ను ఫారాలు కావాలి. రెండోదానికి చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం తప్పదు.

ఇక్కడి సొలిసిటర్ ఆ డబ్బు ఎక్కడిదో పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. చట్టం అలాగే ఉంది. గిఫ్ట్ లెటర్‌లో ఇది అప్పు కాదు, ఇంటి మీద మాకు హక్కు వద్దు అని పంపేవాళ్ళు సంతకం పెట్టాలి. వాళ్ళ పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయాలి. ఎఫ్‌డీ తెంచితే దాని రసీదు, పొలం అమ్మితే రిజిస్టరైన సేల్ డీడ్. ఆ డీడ్ తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం చేయించాలి. చిట్టీ పాడిన డబ్బైతే రిజిస్టర్డ్ కంపెనీ పాస్‌బుక్, పాట కాగితం దాచండి. చేబదులుగా నగదు తెచ్చి ఖాతాలో వేసుకుంటే దానికి ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. పేర్ల తేడా ఇంకో తలనొప్పి. బ్యాంకులో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్ ముందే చేయించి ఉంచండి.

మార్ట్‌గేజ్ ఆఫర్‌కు గడువుంటుంది, తరచుగా ఆరు నెలలు. ఇల్లు పూర్తయ్యే తేదీ మాత్రం బిల్డర్ అంచనాయే. చలికాలంలో 5 డిగ్రీల లోపు రఫ్‌కాస్ట్ (బయటి గోడల గరుకు పూత) పని చేయకూడదు, కరెంటు మీటరు కనెక్షను ఆలస్యమవుతుంది, కౌన్సిల్ కంప్లీషన్ సర్టిఫికెట్‌ను ఆమోదించకపోతే ఇంట్లో కాపురం పెట్టడం చట్టవిరుద్ధం. ఎన్‌హెచ్‌బీసీ లాంటి కొత్త ఇళ్ళ వారంటీ సంస్థ కాగితం అందందే బ్యాంకూ డబ్బు వదలదు. కాబట్టి మిస్సివ్స్‌లో లాంగ్ స్టాప్ తేదీ (ఇల్లు పూర్తికావాల్సిన ఆఖరి గడువు) ఉందో లేదో, అది దాటితే డిపాజిట్‌తో సహా బయటపడొచ్చో లేదో చూడండి. ఆఫర్ గడువు పొడిగించడానికి బ్యాంకు ఏమేం మళ్ళీ అడుగుతుందో కూడా తెలుసుకోండి. వీసా మీదున్నవాళ్ళకు వీసా మిగులు కాలం కూడా అందులో ఒకటి.

మిస్సివ్స్‌తోపాటు వచ్చే డీడ్ ఆఫ్ కండిషన్స్‌ను (ఇళ్ళ యజమానులు పాటించాల్సిన షరతుల పత్రాన్ని) నేను పేజీ పేజీ చదివాను, మీరూ చదవండి. ముందువైపు కంచె వేయకూడదు, క్యారవాన్ నిలపకూడదు లాంటివి సాధారణం. అసలు చూడాల్సింది పచ్చిక, ఆటస్థలం, వాననీటి చెరువు ఎవరివన్నది. ఇళ్ళ యజమానులందరిదీ ఉమ్మడి అయితే ఫ్యాక్టర్ (ఆ స్థలాల నిర్వహణ చూసే సంస్థ) నచ్చకపోయినప్పుడు మూడింట రెండొంతుల ఇళ్ళవాళ్ళు కలిసి మార్చుకోవచ్చు. 2003 టైటిల్ కండిషన్స్ చట్టం ఆ హక్కిచ్చింది. ఆ స్థలం ఏదైనా కంపెనీ సొంతమై, మనం కేవలం నిర్వహణ ఖర్చు కట్టేవాళ్ళమైతే తప్పించుకోవడం చాలా కష్టం. రెంటికీ నెల ఖర్చు ఒకేలా కనబడొచ్చు, తేడా పదేళ్ళ తర్వాత తెలుస్తుంది. రోడ్లను కౌన్సిల్ స్వాధీనం చేసుకునేదాకా వాటి బాధ్యత బిల్డర్‌దే. రోడ్ బాండ్, అంటే బిల్డర్ రోడ్లు పూర్తిచేయకపోతే అక్కరకొచ్చే హామీ సొమ్ము, ఉందో లేదో అడగాలి.

టైటిల్‌లో ఇద్దరి పేర్లూ పెట్టేటప్పుడు సర్వైవర్‌షిప్ వాక్యం కావాలా అని సొలిసిటర్ అడుగుతారు. అది ఉంటే ఒకరు పోతే వాటా నేరుగా రెండోవాళ్ళకు వెళుతుంది. తర్వాత ఒక్కరి వీలునామాతో దాన్ని మార్చడం మామూలుగా కుదరదు. తొందరలో అవునని చెప్పే విషయం కాదిది.

వంటగది ఎంపికల పేజీలో మన వంటకు సరిపడేది ఒకటే ఉంది: పొగ బయటకు పంపే హుడ్. చాలా ప్లాన్లలో గాలిని ఫిల్టర్ చేసి మళ్ళీ గదిలోకే వదిలే హుడ్ ఉంటుంది. దాని బొగ్గు ఫిల్టర్ వాసనను కొంత పట్టుకుంటుంది, ఆవిరిని పట్టుకోదు. తాలింపు, ఇడ్లీ కుక్కర్, గంటల తరబడి ఉడికే పులుసులు ఉండే ఇంట్లో ఆ తేమంతా చివరికి చల్లని కిటికీల మూలల్లో బూజవుతుంది. గోడ బిగించకముందు డక్టు (బయటికి వెళ్ళే గొట్టం) అడిగితే పని సులువు. తర్వాతైతే ఇన్సులేషన్, ఆవిరి నిరోధక పొర కోసి బయటికి రంధ్రం పెట్టాలి. హీటింగ్ సంగతి కూడా అప్పుడే అడగండి. 2024 ఏప్రిల్ 1 నుంచి బిల్డింగ్ వారంట్‌కు (కట్టడానికి కౌన్సిల్ ఇచ్చే అనుమతికి) దరఖాస్తు చేసిన ఇళ్ళలో గ్యాస్ బాయిలర్ ఉండదు, ఎక్కువగా హీట్ పంప్ (కరెంటుతో బయటి గాలి నుంచి వేడి లాగే యంత్రం) ఉంటుంది. అంతకుముందు దరఖాస్తు పడిన ఫేజుల్లో గ్యాస్ ఉండొచ్చు. హీట్ పంపైతే నీళ్ళ సిలిండర్‌కు ఒక కప్‌బోర్డు పోతుంది, ఆ మేర సామాన్ల చోటు లెక్కేసుకోవాలి.

తాళాలకు ముందు తనిఖీకి వృత్తి నిపుణుణ్ణి పంపే అవకాశం పైన చెప్పిన క్వాలిటీ కోడ్‌లో ఉంది. మేం వాడుకున్నాం, ఆ ఖర్చు దండగ కాదు. మీరూ కూడా వెళ్ళండి. టార్చిని గోడకు ఆనించి పక్కకు వెలుగు పారిస్తే ప్లాస్టర్‌బోర్డు అతుకులు, ఉబ్బులు కనబడతాయి. తలుపుల పై అంచు, కింది అంచు తడిమి చూడండి. అక్కడ రంగు వేయకపోతే తేమకు ఉబ్బి బిగుసుకుంటాయి. పైఅంతస్తు షవర్ కొంతసేపు వదిలి కింది గది సీలింగ్ చూడండి. బాత్‌టబ్ నింపి ఓవర్‌ఫ్లో దాకా పోనివ్వండి. ఎగ్జాస్ట్ ఫ్యానుకు టిష్యూ ముక్క అంటుకుని నిలవాలి. అటక మూత తీసి ఇన్సులేషన్ మూలల దాకా పరిచారో లేదో చూడండి, అంచుల్లో వదిలేసిన చోట సీలింగ్ మీద నల్లమచ్చలు వస్తాయి. నీళ్ళు ఆపే బయటి వాల్వును ఇక్కడ టోబీ అంటారు. అదెక్కడుందో చూపించమని, అది తిరుగుతుందో లేదో చూడమని అడగండి.

బయట రెండు చోట్ల వంగి చూడాలి. గోడలోని డీపీసీ, అంటే చెమ్మ పైకెక్కకుండా వేసే పొర, నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. తోటమట్టి, స్లాబులు పోసేటప్పుడు ఈ ఎత్తు తగ్గిపోతుంది. గోడ అడుగున ఉండే చిన్న ప్లాస్టిక్ వెంట్లు మట్టిలో, రఫ్‌కాస్ట్‌లో పూడిపోకూడదు. స్కాట్లాండ్‌లో కొత్త ఇళ్ళలో ఎక్కువ భాగం టింబర్ ఫ్రేమ్. ఆ చెక్క అస్థిపంజరానికీ బయటి గోడకూ మధ్య గాలి ఆడకపోతే చెక్క చెమ్మగిల్లుతుంది. తోటలో గడ్డి కింద బంకమట్టి, రాళ్ళూరప్పలు ఉంటే వానకు నీళ్ళు నిలుస్తాయి. వాన కురిసిన మర్నాడు ఫొటోలు తీసి పంపండి, ఎండరోజు ఫొటోకు విలువ లేదు.

తనిఖీలో తేలిన చిన్న లోపాలు తాళాల తేదీని ఆపవు, డబ్బు కట్టాల్సిందే. అందుకే ప్రతిదానికీ గది పేరు, గోడ వైపు, ఫొటో, తేదీ రాసి ఈమెయిల్‌లోనే పంపాలి. సైటు మేనేజరు నోటిమాట చెల్లదు. మా విషయంలో బిల్డర్ మనుషులు వచ్చి చూసి వెళ్ళి, పని మాత్రం మరిచిపోయేవారు. రాతలో ఉన్న జాబితాయే మళ్ళీ వాళ్ళను రప్పించింది. ఫిర్యాదు చేసి 56 రోజులైనా తేలకపోతే, కొత్త ఇళ్ళ తగాదాలు తేల్చే న్యూ హోమ్స్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళొచ్చు.

ఇంట్లో చేరాక మొదటి ఏడాది చెక్క, ప్లాస్టర్, కాంక్రీటు ఆరుతుంటాయి. హీటింగ్ ఒక్కసారిగా పెంచితే గోడలకు, మెట్ల దగ్గర, తలుపు చట్రాల మీద పగుళ్ళు ఎక్కువవుతాయి. తక్కువ వేడిని నిలకడగా ఉంచి, కిటికీల పైనున్న ట్రికిల్ వెంట్లు (గాలి ఆడే సన్నటి సందులు) తెరిచే ఉంచాలి. పెద్ద పడకగదిలో గోడకు ఉండే చిన్న మీటరు కార్బన్ డయాక్సైడ్‌ది, 2015లో వచ్చిన నియమం ప్రకారం చాలా కొత్త ఇళ్ళలో పెడతారు. రాత్రి అందులో అంకె 1000 దాటుతుంటే గాలి చాలడం లేదని అర్థం, వెంట్లు మూసి ఉన్నాయేమో చూడండి. సన్నటి పగుళ్ళకు వెంటనే రంగు వేయొద్దు, ఏడాది ఆగితే ఒకేసారి పూడ్చొచ్చు.

గోడకు దేవుడి మందిరం, టీవీ బిగించేటప్పుడు ఇది ఇటుక గోడ కాదన్న సంగతి గుర్తుండాలి. 12.5 మిల్లీమీటర్ల ప్లాస్టర్‌బోర్డు వెనక, తరచుగా 600 మిల్లీమీటర్ల దూరంలో నిలువు చెక్క స్టడ్లుంటాయి. వాటి మధ్య అడ్డంగా ఉండే చెక్కను ఇక్కడి వడ్రంగులు ద్వాంగ్ అంటారు. బరువును స్టడ్‌కో ద్వాంగ్‌కో పట్టించాలి. బయటి గోడల కన్నా లోపలి గోడలే ఎంచుకోండి, బయటి గోడలో స్క్రూ ఆవిరి పొరను చీలుస్తుంది. అటకలోని ట్రస్సులు (చెక్క చట్రాలు) కప్పు మోయడానికి చేసినవి, సూట్‌కేసులు, బియ్యం బస్తాలు మోయడానికి కాదు. బిల్డర్ ఇచ్చిన కరదీపికలో అనుమతించిన బరువు చూడకుండా పైన పలకలు పరచొద్దు.

ఎన్‌హెచ్‌బీసీ బిల్డ్‌మార్క్ వారంటీ అయితే మొదటి రెండేళ్ళు లోపాలను సరిచేయాల్సింది బిల్డరే. మూడో ఏడాది నుంచి పదో ఏడాది దాకా నిర్మాణానికి సంబంధించిన పెద్ద లోపాలకే బీమా. రెండేళ్ళు నిండడానికి రెండు నెలల ముందు క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, ఇల్లంతా టార్చితో మళ్ళీ తిరిగి, ఆఖరి జాబితా ఈమెయిల్ చేయండి. ఆ తేదీ దాటాక పంపిన తలుపు గొళ్ళేన్ని ఎవరూ బాగుచేయరు.