6502ను ల్యాప్‌టాప్ మీద నడపడంలో అసలు కష్టం

1984లో మన దేశంలో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద ఎన్నో బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోని ప్రాసెసర్ పేరు 6502. ఆ యంత్రాలు మూలపడినా వాటి కోసం రాసిన ప్రోగ్రాములు బతకాలన్న కోరికతో, పాలకొల్లులోని మా ఇంట్లో తీరిక దొరికినప్పుడల్లా, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద 6502ను అనుకరించే ఎమ్యులేటర్ రాస్తున్నాను. భీమవరంలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు అది చూసి, "కూడికలూ తీసివేతలూ ఏ ప్రాసెసర్‌లోనైనా ఒకటే కదా మావయ్యా, ఇందులో కష్టమేముంది?" అని అడిగాడు.

ఫలితం ఒకటే, దానితో పాటు ప్రాసెసర్ మార్చే ఫ్లాగులు (ఫలితం ఎలాంటిదో గుర్తుపెట్టుకునే 0/1 సూచికలు) మాత్రం ఒకటి కావు. ఐదులోంచి మూడు తీసేస్తే రెండింటిలోనూ రెండే వస్తుంది. అయితే అప్పు తెచ్చుకోవలసిన పని పడలేదు కనుక 6502 క్యారీ ఫ్లాగును 1 చేస్తుంది, అదే కారణంతో ఇంటెల్ ప్రాసెసర్ దానిని 0 చేస్తుంది. తరువాతి ఇన్‌స్ట్రక్షన్ ఆ ఫ్లాగును బట్టి దారి మళ్ళేదైతే ప్రోగ్రాము పూర్తిగా వేరే చోటికి పోతుంది. (బీబీసీ మైక్రోను తయారుచేసిన ఏకార్న్ సంస్థే 1985లో తెచ్చిన ఏఆర్ఎం ప్రాసెసర్ ఈ విషయంలో 6502 పద్ధతినే పాటిస్తుంది.) పైగా 6502 మెమరీ నుంచి ఒక విలువను తెచ్చుకున్నా చాలు, సున్నా, రుణ ఫ్లాగులు మారిపోతాయి. ప్రతిసారీ వాటిని లెక్కగట్టడం వృథా శ్రమ కనుక, చివరి ఫలితాన్ని దాచి ఉంచి, ఎవరైనా ఫ్లాగును అడిగినప్పుడే దానిని తేల్చడం మేలని నా అనుభవం.

చిప్‌లోని లోపాలను కూడా ఉన్నవి ఉన్నట్టే దింపాలి. 767వ చిరునామా నుంచి రెండు బైట్లుగా రాసి ఉన్న గమ్యానికి దూకమంటే, 1975 నాటి 6502 మొదటి బైటును 767 నుంచి తీసుకుని, రెండవదానిని 768 నుంచి కాక, అదే 256 బైట్ల పేజీకి మొదలైన 512 నుంచి తీసుకుంటుంది. దీనిని సరిదిద్దిన ఎమ్యులేటర్ 6502 కాదు.

అన్నిటికన్నా నన్ను పీడిస్తున్నది కాలం. సెకనుకు 20 లక్షల చక్రాలు (బీబీసీ మైక్రో ప్రాసెసర్ గడియారపు టిక్కులు) నేటి ల్యాప్‌టాప్‌కు లెక్కలోనివి కావు; కానీ ప్రాసెసర్, వీడియో చిప్, టైమర్ ఏకకాలంలో నడిచినట్టు కనిపించాలి. దాళ్వాలో కాలువ నీరు వదిలినట్టు వాటిని వంతులవారీగా నడపవలసిందే. సెకనులో 50వ భాగం, అంటే 40,000 చక్రాలు, ఒక వంతుగా పెడితే మామూలు ప్రోగ్రాములు బాగానే నడుస్తాయి. ఎలైట్ అనే ఆట మాత్రం తెర గీయడం సగంలో ఉండగానే టైమర్ సాయంతో మోడ్ మార్చి, పైన రెండు రంగులూ కింద నాలుగు రంగులూ చూపిస్తుంది. అందుకని వంతును తెర మీది ఒక్క గీతకు, అంటే 128 చక్రాలకు, కుదించాను. ఇప్పుడు ఆ రెండు భాగాలూ వాటి వాటి చోట్లలోనే నిలుస్తున్నాయి.