చవక వర్క్ లైట్ సంగతి

సింకు కింద పైపు బిగించడానికని చవకలో ఒక ఎల్ఈడీ వర్క్ లైట్ కొన్నాను. వెలుతురుకు వంక పెట్టలేం, అడుగున ఉన్న అయస్కాంతం కూడా ఇనుప స్టాండుకు గట్టిగానే అతుక్కుంది. వచ్చిన చిక్కల్లా రంగులతోనే! ఎరుపు వైరు, గోధుమరంగు వైరు పక్కపక్కన పెడితే దాదాపు ఒకేలా కనబడ్డాయి. చవక లైట్లలో సీఆర్ఐ, అంటే రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె, తక్కువే ఉంటుంది మరి. 90 దాటితే రంగులు అసలుకు దగ్గరగా కనిపిస్తాయి. డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంది, అంటే కాస్త నీలం ఛాయ కొట్టే తెలుపు. ఎదురుగా పెట్టుకుంటే కళ్ళు లాగేస్తున్నాయి, గోడకేసి తిప్పితే నయం. వెలుతురు ఎంతో చెప్పే ల్యూమెన్ల అంకెను మాత్రం నేను నమ్మను. వేడిని లాగడానికి వెనక పలుచటి రేకు తప్ప ఏమీ లేదు, కాసేపటికే మసకబారుతోంది. పైపు పనికి చాలు. వైర్ల పనికి ఇంకోటి చూడాలి.