మిక్సర్‌కు ఫోను తగిలించే ముందు 48 బటన్ చూసుకోండి

ప్రొద్దుటూరులో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్టు. శివరాత్రి మొదలు శ్రీరామనవమి దాటేదాకా చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లు, పద్యనాటకాలు జోరుగా ఉంటాయి. ఆ రోజుల్లో నా దగ్గరికి ఒక రకం కేసులు వస్తుంటాయి. "ఇయర్‌ఫోన్ పెడితే ఎడమ చెవికి వినపడదన్నా" అంటారు. "రికార్డర్ ఆన్ అవుతుంది, సౌండే లేదు" అంటారు. నీళ్లలో పడలేదు, కింద పడలేదు. చివరిసారి ఎక్కడ వాడినారని అడిగితే విషయం మైక్ సెట్టు దగ్గర తేలుతుంది. "ఫోను మిక్సర్‌కు తగిలించి శ్రుతి యాప్ పెట్టుకున్నాం సార్, అంతే" అంటాడు హార్మోనియం ఆయన. మిక్సర్ అంటే మైకులన్నీ వచ్చి కలిసే పెట్టె.

ఆ అంతేలోనే ఉంది సంగతి. నాటకానికి స్టేజీ పైనుంచి వేలాడదీసే మైకులు చాలావరకు కండెన్సర్ రకం. అవి పనిచేయాలంటే కరెంటు కావాలి. సిగ్నల్ వచ్చే కేబుల్లోనే మిక్సర్ ఆ కరెంటును ఎదురు పంపుతుంది. దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు: 48 వోల్టుల డీసీ, ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైక్ సాకెట్లో 2, 3 పిన్నుల మీద సమానంగా, ఒక్కోదానికి 6.8 కిలో ఓంల రెసిస్టర్ గుండా. 1 పిన్ను గ్రౌండు. చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకుకు దీంతో పనీ లేదు, నష్టమూ లేదు. దాని లోపలి కాయిల్ రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ ఉన్నప్పుడు అందులో కరెంటు పారదు.

ఈ 48 అనే అంకె ఎక్కడిదని ఒక కుర్రాడు అడిగాడు. 1966లో జర్మనీకి చెందిన న్యూమన్ కంపెనీ నార్వే రేడియో కోసం ట్రాన్సిస్టర్ మైకులు తయారుచేసింది. ఆ రేడియో స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం 48 వోల్టుల సప్లై అప్పటికే ఉందట. మైకులకూ దాన్నే వాడుకున్నారు.

మన మైక్ సెట్ల వాళ్ల చిన్న మిక్సర్లలో చాలావాటికి 48 బటన్ ఒక్కటే. నొక్కితే అన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ చానళ్లకూ పోతుంది. పక్కనే ఎర్ర లైటు ఉంటుంది గానీ పగటి పూట షామియానా కింద అది వెలుగుతుందో లేదో తెలియదు. కళ్లకు కొడుతోందని నల్ల టేపు అంటించిన వాళ్లనూ చూశాను.

అయినా నేను మిక్సర్‌ను తప్పుపట్టను. అసలు దోషి కేబుల్: ఒక కొస ఫోనుకు గుచ్చే ఇయర్‌ఫోన్ పిన్ను, ఇంకో కొస ఎక్స్‌ఎల్‌ఆర్. ఆ ఇయర్‌ఫోన్ పిన్ను మొనను, అంటే టిప్పును, 2కి కలిపి, 3ను గ్రౌండుకు కట్టేసి ఇస్తారు. అప్పుడు 2 పిన్ను నుంచి 7 మిల్లీఆంపియర్ల దాకా నేరుగా ఫోన్ అవుట్‌పుట్‌లోకి పోతుంది. దానికన్నా ప్రమాదం 48 ఆన్‌లో ఉండగా పిన్ను గుచ్చిన క్షణం. మిక్సర్ ఇన్‌పుట్‌లో చార్జ్ దాచుకునే కెపాసిటర్లు అప్పటికే ఆ వోల్టేజీకి చార్జ్ అయి ఉంటాయి, అదంతా ఒక్క దెబ్బన ఖాళీ అవుతుంది. ఐదు వోల్టులు కూడా లేని సప్లైతో బతికే ఫోను లోపలి చిప్ దానికి ఎదురు నిలబడాలి. ప్రతిసారీ కాలిపోదు. చాలాసార్లు తట్టుకుంటుంది కూడా. అందుకే "మేం ఎన్నోసార్లు పెట్టినాం, ఏం కాదులే" అనే మాట పుట్టింది. ఆ మాట మీద నాకు వచ్చే గిరాకీ తక్కువేం కాదు.

అన్నిటికన్నా సులువైన దారి ఎక్స్‌ఎల్‌ఆర్ జోలికే పోకపోవడం. చాలా మిక్సర్లకు టేప్ ఇన్ అనో 2 ట్రాక్ ఇన్ అనో ఆర్‌సీఏ రంధ్రాలు (పాత టీవీ, డీవీడీలకు ఉండే గుండ్రటి రకం) ఉంటాయి. లావు పిన్ను దూరే లైన్ ఇన్‌పుట్లు కూడా ఉంటాయి. మామూలుగా వాటికి 48 రాదు. అవి ఖాళీ లేకపోతే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్సు పెట్టండి, అది ఫోనుకూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె. ట్రాన్స్‌ఫార్మర్ డీసీని అవతలికి దాటనివ్వదు, పైగా గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు ఉంటే గుయ్యిమనే హమ్ కూడా పోతుంది.

అనుమానంగా ఉంటే మల్టీమీటర్‌ను 200 డీసీలో పెట్టి, నల్ల ప్రోబు 1 పిన్నుకు, ఎర్రది 2కు, తర్వాత 3కు ఆనించండి. నలభై పైచిలుకు చూపిస్తే మీ ఫోను జేబులోనే ఉండనివ్వండి. బటన్ ఆపించగలిగితే ముందు ఫేడర్లు (సౌండు పెంచి తగ్గించే మీటలు) దించమనండి, లేకపోతే స్పీకర్లు ఢామ్మంటాయి. ఆపాక వెంటనే గుచ్చొద్దు. అర నిమిషం ఆగండి, కెపాసిటర్లు దిగాలి.

మిక్సర్ నుంచి రికార్డర్‌లోకి తీసుకునేటప్పుడు ఇంత భయం లేదు. మిక్సర్ అవుట్‌పుట్‌లో 48 ఉండదు. కాకపోతే మీ రికార్డర్‌కే ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు ఉంటే, దాని సొంత 48ను మెనూలో ఆఫ్ చేసుకోండి, లేదంటే అది మిక్సర్ మీదికి ఎదురు పోతుంది. ఒకే మైకును వై కేబుల్‌తో చీల్చి ఒక కొస మిక్సర్‌కు, ఒకటి రికార్డర్ చిన్న మైక్ జాక్‌కు పెట్టే పద్ధతి మాత్రం వద్దు. మిక్సర్ వోల్టేజీ ఆ తీగ పట్టుకుని నేరుగా మీ దగ్గరికే వస్తుంది.

చిప్ కాలితే మార్చగలను గానీ రికార్డర్ బోర్డులకు సరిపోయే చిప్ దొరకడమే కష్టం. డీఐ బాక్సు ఇప్పుడే కొనలేకపోతే ఆ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ తెచ్చి నాకివ్వండి, ఆ కొస కోసేసి ఆర్‌సీఏ పిన్నులు వేసిస్తాను.